అప్‌డేట్ 8 తర్వాత ఫ్యాక్టరీ ఆరిపోతోందా? ముందు నీళ్ల పైపు చూడు

తర్వాత చదివేవారి కోసం ముందు ప్రశ్న చెబుతాను. పలాస నుంచి ఒక పాలిటెక్నిక్ తమ్ముడు అడిగాడు. ఫ్యాక్టరీలు కట్టి నడిపే శాటిస్‌ఫ్యాక్టరీ అనే కంప్యూటర్ ఆటలో అతనికి 90 గంటల సేవ్ (దాచుకున్న ఆట) ఉంది. 2023 నవంబరు 14న అప్‌డేట్ 8 అందరికీ వచ్చింది, అతనూ దించుకున్నాడు. రెండు రోజుల్లోనే ఫ్యాక్టరీ మొత్తానికి కరెంటు పోవడం మొదలైంది. ఎనిమిది కోల్ జనరేటర్లలో చివరి రెండు కాసేపు తిరుగుతాయి, కాసేపు ఆగుతాయి. "కొత్త ఇంజిన్ వల్ల నా సేవ్ పాడైందా అన్నా? చెరిపేసి మొదటి నుంచి ఆడాలా? కంప్యూటర్ కూడా మొరాయిస్తోంది" అన్నది ప్రశ్న.

చెరిపేయకు తమ్ముడూ. సేవ్ పాడవలేదు, ఇంజిన్ తప్పు కూడా లేదు. కాకి వాలింది, తాటిపండు పడింది. అంతకుమించి ఇందులో అప్‌డేట్ పాత్ర ఏమీ లేదు.

నువ్వు ప్రశ్నతో పాటు పెట్టిన రెండు తెర బొమ్మలు (స్క్రీన్‌షాట్లు) పక్కపక్కన పెట్టి చూశాను. అక్టోబరు నాటి బొమ్మలో ఆరు జనరేటర్లు ఉన్నాయి. ఇప్పటి బొమ్మలో ఎనిమిది. అంటే అప్‌డేట్ వచ్చాక నువ్వే రెండు కొత్తవి కట్టావు. కొత్తగా వచ్చిన జరుపుడు సౌకర్యంతో, అదే ‘హెచ్’ నొక్కి ఆకారాన్ని గాలిలో నిలిపి బాణం మీటలతో అంగుళం అంగుళం జరిపే పద్ధతితో, చక్కగా వరుసలో కూర్చోబెట్టావు కూడా. ముచ్చటగానే ఉంది. కానీ నీళ్ల పైపు మాత్రం పాతదే.

ఇక లెక్క. ఒక కోల్ జనరేటర్ 75 మెగావాట్లు ఇస్తుంది. నిమిషానికి 15 బొగ్గు, 45 ఘనపు మీటర్ల నీళ్లు తాగుతుంది. వాటర్ ఎక్స్‌ట్రాక్టర్ నిమిషానికి 120 ఘనపు మీటర్లు తోడుతుంది. అందుకే మూడు ఎక్స్‌ట్రాక్టర్లకు ఎనిమిది జనరేటర్లు అని అందరూ మంత్రంలా చెబుతారు. మూడు నూట ఇరవైలు 360, ఎనిమిది నలభై అయిదులూ 360. లెక్క సరిపోయింది కదా అని నువ్వూ మూడు ఎక్స్‌ట్రాక్టర్లు పెట్టి, మూడింటినీ ఒకే పైపులో కలిపి, ఆ పైపును మొదటి జనరేటర్ వైపు నుంచి లోపలికి పంపావు. ఆ మంత్రంలో చెప్పని ముక్క ఒకటుంది. మార్క్ 1 పైపులో నిమిషానికి 300 కంటే ఎక్కువ పారదు. ఆరు జనరేటర్లు ఉన్నంతకాలం 270తో పని జరిగిపోయింది. ఇప్పుడు ఆ ఆరూ తమ వాటా తాగేశాక మిగిలేది 30. దాన్ని పంచుకోవలసిన రెండింటికి కావలసింది 90. అందుకే చివరి రెండు కాసిన్ని నీళ్లు పోగుచేసుకుని తిరుగుతాయి, అవి అయిపోగానే ఆగుతాయి, మళ్లీ పోగుచేసుకుంటాయి. నీకు కనిపించే మినుకుమినుకుమనడం ఇదే.

ఎనిమిది ఉన్నాయి కాబట్టి 600 మెగావాట్లు ఉన్నాయనుకుని నువ్వు లోడు 540 దాకా పెంచావు. అది నీ గ్రాఫులోనే కనిపిస్తోంది. ఆ రెండూ ఒకేసారి ఆగిన క్షణాన నీ చేతిలో ఉన్నది 450 మాత్రమే. ఫ్యూజు పోక ఏమవుతుంది!

ఇది చూసి నాకు నవ్వొచ్చింది. నిన్ను చూసి కాదు, నన్ను నేను తలచుకుని. విజయనగరం జిల్లాలో ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కు తయారీలో వాడే ఇనుప మిశ్రమాలు) ప్లాంట్లలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేస్తూ పదిహేడేళ్లయింది నాకు. ఫర్నేసులో ఎలక్ట్రోడ్లకు కరెంటు అందించే క్లాంపుల చుట్టూ ఎప్పుడూ నీళ్లు తిరుగుతూ ఉండాలి, లేకపోతే అవి కాలిపోతాయి. ఒక ఎండాకాలం చివరి క్లాంపు నుంచి తిరిగొచ్చే నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా వస్తున్నాయి. పంపు చాలడం లేదని అందరం తీర్మానించాం. నేనూ ఊ కొట్టాను. మూడో పంపు తెచ్చి, పునాది పోసి, బిగించి, పూజ చేసి ఆన్ చేశాం. చివరి క్లాంపు నీళ్లు అంతే వేడి. పంపులు మూడైనా, ముందుకు పోయే పెద్ద గొట్టం పాత సైజులోనే ఉంది. పంపుల దగ్గర ప్రెజర్ గేజు ముల్లు మాత్రం కుడివైపుకు ఎగబాకింది. ఆ ముల్లు చూసి మా ఫిట్టరు, "నీళ్లు ఎక్కువయ్యాయి గానీ దారి ఎక్కువ కాలేదు సార్" అన్నాడు. తర్వాతి షట్‌డౌన్‌లో గొట్టం రెండో కొస నుంచి కూడా నీళ్లు ఎక్కించాం. సమస్య తీరింది.

నువ్వు చేయవలసిందీ అదే. మూడు ఎక్స్‌ట్రాక్టర్లలో ఒకదాన్ని విడదీసి, దాని పైపును ఎనిమిదో జనరేటర్ వైపు నుంచి లోపలికి కలుపు. ఇటు నుంచి 240, అటు నుంచి 120 వస్తాయి. ఏ ముక్కలోనూ 300 దాటదు. మార్క్ 2 పైపు 600 మోస్తుంది, నిజమే. కానీ నువ్వున్న దశలో అది ఇంకా చేతికి రాదు, దాని కోసం ఎదురుచూడనక్కరలేదు.

పైపు మార్చాక ఫ్యూజు మీట వెంటనే ఎత్తకు. కోల్ కరెంటుతో ఉన్న చిక్కు ఏమిటంటే, బొగ్గు తవ్వే మైనర్లూ నీళ్లు తోడే ఎక్స్‌ట్రాక్టర్లూ ఆ కరెంటు మీదే నడుస్తాయి. కరెంటు పోతే నీళ్లు రావు, నీళ్లు రాకపోతే కరెంటు రాదు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు. మీట ఎత్తిన ప్రతిసారీ మొత్తం లోడు ఒక్కసారి మీద పడి మళ్లీ కూర్చుంటుంది. అందుకని ముందు ఫ్యాక్టరీ వైపు వెళ్లే తీగ తెంచెయ్. మూడు ఎక్స్‌ట్రాక్టర్లకు 60 మెగావాట్లు, రెండు మార్క్ 1 మైనర్లకు 10, మొత్తం 70 కావాలి. 30 మెగావాట్ల బయోమాస్ బర్నర్లు మూడు కట్టి, చేత్తో ఆకులూ కొమ్మలూ వేసి, వాటితో ఈ అయిదు యంత్రాలనే నడుపు. పైపులు నిండి, ఎనిమిది జనరేటర్లూ అయిదు నిమిషాలు ఆగకుండా తిరిగాక ఫ్యాక్టరీని ఒక్కో భాగంగా కలుపు. మా దగ్గర ఫర్నేసు గంటల తరబడి ఆగితే ఇంతే. మెల్లమెల్లగా లోడు ఎక్కిస్తాం. తొందరపడితే ఎలక్ట్రోడ్ విరుగుతుంది, ఆ విరిగిన ముక్కను బయటికి తీసే పని పగవాడికి కూడా వద్దు.

అప్‌డేట్ 8లో అసలు బంగారం ఇక్కడే ఉంది. వీడియోల్లో అందరూ కొత్త వెలుతురు గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం అన్నిటికంటే నచ్చింది ప్రయారిటీ పవర్ స్విచ్. ఆటలో ఉండే కేటీరియం అనే ఖనిజం మీద పరిశోధన చేస్తే దొరుకుతుంది. ఫ్యాక్టరీని భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగానికీ ఒక స్విచ్ పెట్టి, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుస నంబరు ఇవ్వవచ్చు. కరెంటు చాలనప్పుడు మొత్తం కూలిపోకుండా, తక్కువ ముఖ్యమైన భాగాలు ముందుగా వాటంతట అవే ఆగిపోతాయి. ఇన్నాళ్లూ ఈ ఆటలో ఒక్క మెగావాటు తక్కువైనా ఊరంతా చీకటే. ఏ ఎలక్ట్రీషియనూ ఒప్పుకోని పద్ధతి అది.

బయట ప్రపంచంలో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. వాడకం ఉత్పత్తిని మించితే అది పడిపోతుంది. 49.4కి వచ్చేసరికి సబ్‌స్టేషన్లలో రిలేలనే రక్షణ పరికరాలు కొన్ని ఫీడర్లను, అంటే ఊళ్లకు వెళ్లే లైన్లను, వాటంతట అవే తెంచేస్తాయి, ఇంకా పడితే ఇంకొన్నిటిని. కొందరి ఇళ్లలో ఫ్యాను ఆగినా గ్రిడ్ నిలవాలన్నది ఉద్దేశం. ఆ అడ్డుకట్ట పనిచేయకపోతే ఏమవుతుందో 2012 జూలై 30, 31 తేదీల్లో చీకట్లో మునిగిన ఉత్తర భారతం చూసింది. అప్పటికి దక్షిణ గ్రిడ్ వాళ్లతో ఒకే తాళంలో కలవలేదు కాబట్టి మనకు తగల్లేదు. కలిసింది 2013 డిసెంబరు 31న.

నీది పలాస కాబట్టి ఈ ప్రాధాన్యం సంగతి నీకు ఎక్కువ చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మీ పక్కనే తీరం దాటింది. రోజుల తరబడి చీకట్లో ఉన్నారు. అప్పుడు లైన్లు నిలబెడుతూ ఉంటే ముందు ఏది వెలగాలని అడిగారు? తాగునీటి పంపులు, ఆసుపత్రులు. జీడిపప్పు బట్టీలు ఆ తర్వాతే. నీ ఫ్యాక్టరీలోనూ ఆ వరుసే పెట్టుకో. ఎక్స్‌ట్రాక్టర్లు, బొగ్గు మైనర్లు ఏ స్విచ్ వెనకా ఉండకూడదు, నేరుగా జనరేటర్ల తీగకే కలపాలి. ఇనుప కడ్డీల స్మెల్టర్లు మధ్య నంబర్లలో ఉండనీ. రంగు దీపాలు, అలంకారం, ఎప్పుడో ఒకసారి కావలసిన సామాను తయారుచేసే మూలన ఉన్న యంత్రాలు, ఇవన్నీ ఎనిమిదో నంబరులోకి తోసెయ్. కుదిరినప్పుడు ఒకటి రెండు పవర్ స్టోరేజీ బ్యాటరీలు కూడా చేర్చు. ఒక్కోటి 100 మెగావాట్ అవర్లు దాచుకుంటుంది. ఏదైనా తేడా వస్తే నువ్వు పరుగెత్తుకుంటూ వెళ్లేదాకా అది ఆదుకుంటుంది.

ఇక ఇంజిన్ భయం. ఈ అప్‌డేట్‌తో ఆట అన్‌రియల్ ఇంజిన్ 4 నుంచి 5కి మారింది. వినడానికి పునాదులు పెకలించినట్టే ఉంటుంది. మరి సేవ్ ఎలా బతికింది? సేవ్ ఫైలులో బొమ్మలు ఉండవు. ఏ యంత్రం ఎక్కడుంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది, దానికి ఏ పని చెప్పావు, దాని కడుపులో ఎంత సరుకుంది, దేనికి ఏ తీగ కలిసింది, ఈ పట్టీ మాత్రమే ఉంటుంది. కిరాణా చీటీ లాంటిది. కొట్టు మారినా చీటీ చెల్లుతుంది, కొత్త కొట్టువాడు ఆ సామాన్లన్నీ అమ్ముతున్నంతకాలం. ఎటొచ్చీ ఇది ఒకవైపు దారి. పాత సేవ్ కొత్త ఆటలో తెరుచుకుంటుంది, కొత్త ఆటలో రాసిన సేవ్ పాతదాంట్లో తెరుచుకోదు.

అసలు పాత సేవ్‌లను కుదిపేసిన అప్‌డేట్ ఏదంటే మూడోది. 2020 ఆరంభంలో వచ్చింది. అంతకు ముందు ఈ ఆటలో పైపులే లేవు. ముడి చమురు కూడా కన్వేయర్ బెల్టు మీదే గడ్డల్లా దొర్లుకుంటూ వెళ్లేది. కోల్ జనరేటర్‌కు బొగ్గు ఉంటే చాలు, నీళ్లు అక్కరలేదు. అప్‌డేట్ 3 వచ్చిన రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, స్నానం కూడా చేయకుండా ఆట తెరిచాను. ఇరవై జనరేటర్లు వరుసగా బొగ్గు నిండా నింపుకుని చల్లగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ తిరగడం లేదు. నేను వాటిని కట్టింది ఎత్తైన రాతి పీఠభూమి మీద. నీటి చుక్క కనిపించాలంటే కొండ దిగి ఎంతో దూరం నడవాలి. ఆ రాత్రి నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. కోపంతో సేవ్ చెరిపేశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. తెల్లారాక ఆలోచిస్తే, నాలుగు గంటలు కూర్చుంటే తీరిపోయే పని. చెరిపేయకు అని నీకు మొదటి మాటగా చెప్పింది అందుకే.

ఎర్లీ యాక్సెస్ ఆట కొనడమంటే పైకప్పు పడకముందే ఇంట్లోకి కాపురం దిగడం. గోడ ఎక్కడికి జరుగుతుందో మేస్త్రీకి కూడా పూర్తిగా తెలియదు. స్వీడన్‌లోని కాఫీ స్టెయిన్ స్టూడియోస్ వాళ్లు దీన్ని 2019 మార్చిలో ఈ పద్ధతిలోనే అమ్మకానికి పెట్టారు. ఆ మాట మొదటే చెప్పారు కాబట్టి తిట్టే హక్కు మనకు సగమే ఉంది. అప్‌డేట్ 8ని కూడా నేరుగా అందరి నెత్తిన వేయలేదు. జూన్ 13నే ఎక్స్‌పెరిమెంటల్ శాఖలో వదిలారు, అయిదు నెలలు ఉత్సాహవంతులు దాన్ని ఆడి తప్పులు పట్టాక ఇటు తెచ్చారు. నేను కూడా ఆ ఉత్సాహవంతుల్లో ఉన్నాను, వేరే సేవ్‌తో.

సందర్భం వచ్చింది కాబట్టి నా పాత కడుపుమంట ఒకటి. ఈ ఆటలో ఇనుప ఖనిజం 45, బొగ్గు 45 కలిపితే 45 ఉక్కు కడ్డీలు వచ్చేస్తాయి. మాంగనీసు ఊసే లేదు! ఉక్కులో ఆక్సిజన్‌ను, గంధకాన్ని అదుపు చేసేది మాంగనీసు. దేశంలో దాని తవ్వకం 19వ శతాబ్దం చివర్లో మొదలైంది మన చీపురుపల్లి, గరివిడి వైపే. ఒక టన్ను సిలికో మాంగనీసుకు సుమారు 4 వేల యూనిట్ల కరెంటు పోస్తాం మేము. యురేనియం కూడా పెట్టినవాళ్లకు మాంగనీసు గుర్తురాలేదు. ఇన్ని అప్‌డేట్లు వచ్చాయి, ప్రతిసారీ మార్పుల జాబితాలో ముందు దానికోసమే వెతుకుతాను.

నీ కంప్యూటర్ సంగతికి వస్తాను. 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్, పాత తరహా హార్డ్ డిస్కు అన్నావు. ముందు సెట్టింగుల్లో ల్యూమెన్ ఆన్ చేసి ఉంటే ఆపెయ్. వెలుతురు గోడల మీద పడి ఎలా చెదురుతుందో అది ప్రతి క్షణం లెక్క కడుతుంది. అందం నిజమే. కానీ నీ కార్డు మోయలేదు, పైగా కిటికీలు లేకుండా కట్టిన షెడ్డు లోపల దీపాలు పెట్టకపోతే పట్టపగలే చీకటి. ఆట తయారుచేసినవాళ్లు కూడా దాన్ని ఆఫ్‌లోనే ఉంచి ఇచ్చారు. తర్వాత, తక్కువ సైజులో గీసి పెద్దది చేసి చూపించే టీఎస్‌ఆర్ ఆన్ చెయ్. అప్పటికీ కుంటితే డైరెక్ట్‌ఎక్స్ 11తో నడిపి చూడు. మొదటి రోజుల్లో కనిపించే కుదుపులు కొన్ని వాటంతట అవే తగ్గుతాయి, కొత్త ఇంజిన్ బొమ్మల పనిముట్లు మళ్లీ సిద్ధం చేసుకుంటూ ఉంటుంది. కానీ పరుగెత్తుతున్నప్పుడు వచ్చే కుదుపు వేరు. కొత్త ఇంజిన్ ప్రపంచాన్ని గళ్లుగళ్లుగా కోసి, నువ్వు దగ్గరికి వెళ్తున్న కొద్దీ ఒక్కో గడినీ డిస్కు నుంచి తెచ్చుకుంటుంది. హార్డ్ డిస్కు ఆ వేగం అందుకోలేదు. చేతిలో కొద్దిగా డబ్బుంటే కొత్త కార్డు ఆలోచన మాని, ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంకో 8 జీబీ ర్యామ్ కొను. తేడా మొదటి రోజే తెలుస్తుంది.

సేవ్‌ల జాగ్రత్త కూడా చెబుతాను, మన ఊళ్లలో ఇది అప్‌డేట్ కంటే ముఖ్యం. ఆట తనంతట తాను చేసే సేవ్‌లు మూడే ఉంటాయి, నాలుగోది మొదటిదాన్ని తుడిచి కూర్చుంటుంది. ఆట ఆ ఫైలు రాస్తున్న క్షణంలో ఇంట్లో కరెంటు పోతే అది సగంలో తెగుతుంది. చిన్న యూపీఎస్ ఉంటే మంచిది. లేకపోతే రోజుకొకసారి కొత్త పేరుతో సేవ్ చేసి, లోకల్ యాప్‌డేటాలో ఫ్యాక్టరీగేమ్ ఫోల్డర్‌లో ఉన్న సేవ్‌గేమ్స్‌ను పెన్ డ్రైవులోకి కాపీ చేసుకో. స్టీమ్‌లో ఈ ఆటకు, తెరిచినప్పుడు మాత్రమే అప్‌డేట్ అయ్యే ఎంపిక పెట్టుకుంటే, ఫోను హాట్‌స్పాట్ మీద ఉన్న రోజు డేటా అంతా ఒక్క దెబ్బకు ఊడ్చుకుపోదు. మాడ్‌లు (ఆటకు బయటివాళ్లు చేసే అదనపు చేర్పులు) వాడుతున్నానని చెప్పలేదు కాబట్టి ఒక్క మాటే. పాత మాడ్ కొత్త ఇంజిన్‌లో పనిచేయదు. అది లేకుండా సేవ్ తెరిస్తే దానితో కట్టినవన్నీ మాయమవుతాయి.

కొత్తగా మొదలుపెట్టాలా అన్న దానికి నా జవాబు వద్దు. ఇది 2023 నవంబరు నాటి మాట, అప్పటికి ఆట ఇంకా 1.0కి, అంటే పూర్తి విడుదలకు, చేరలేదు (2024 సెప్టెంబరులో చేరింది). పూర్తి విడుదల వచ్చిన రోజు నీకే మొదటి నుంచి ఆడాలనిపిస్తుంది, అప్పుడు ఆడు. ఈలోపు ఈ 90 గంటల ఫ్యాక్టరీని ప్రయోగశాలగా వాడుకో. సరదాగా పరీక్షించాలంటే అప్‌డేట్ 8లోనే అధునాతన సెట్టింగులు వచ్చాయి. వేరే పేరుతో ఒక కాపీ తీసి, అందులో కరెంటు ఖర్చు లేకుండా పెట్టుకుని, ఎగురుతూ పైపుల అమరిక చూసుకోవచ్చు. అసలు సేవ్‌లో మాత్రం వాటి జోలికి పోకు, తర్వాత ఆడబుద్ధి కాదు.

పైపు రెండో కొస నుంచి కలిపాక పది నిమిషాలు ఆగి ఎనిమిదో జనరేటర్ మీద క్లిక్ చేసి నీటి మట్టం చూడు. నిండుగా నిలబడితే సరే. అప్పటికీ ఊగిసలాడుతుంటే జనరేటర్లు నీటి మట్టానికి ఎంత ఎత్తులో ఉన్నాయో కనిపించేలా పక్క నుంచి ఒక బొమ్మ తీసి పెట్టు. ఎక్స్‌ట్రాక్టర్ నీళ్లను 10 మీటర్ల ఎత్తుకే నెట్టగలదు, ఆ పైన పంపు పెట్టాలి. నీ బొమ్మలో ఆ కుడివైపు గట్టు నాకు కొంచెం ఎత్తుగానే కనిపిస్తోంది.